నిండు జీవం

ముంచితే అయిపోతుంది. బోను చేతిలోనే ఉంది, బకెట్ నిండా నీళ్లున్నాయి, ఎలుక కూడా ఏమంత పెద్దది కాదు, చిట్టెలుక, నా బొటనవేలికి కాస్త ఎక్కువ, అంతే. బోనును నీళ్లలోకి దించి ఒక బీడీ తాగేంతసేపు అటు తిరిగి కూర్చుంటే చాలు, పైకి తీసేసరికి తడిసిన దూదిలా ఉంటుంది, తోక పట్టి తొట్టిలో వేస్తే అమ్మగారి ఎండ్రకాయలు శంఖులు ఈడ్చుకుంటూ వచ్చి మీద పడతాయి, నా పని తీరిపోతుంది, నేను గుట్ట దిగి దవాఖానకు పోవచ్చు. దవాఖానలో నా బిడ్డ బీరమ్మ నొప్పులు పడుతోంది. పొద్దున్నుంచి పడుతోంది. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టకూడదని ఎంత అనుకున్నా మనసు వాటినే తెచ్చి పక్కపక్కన పెడుతోంది. ముంచడం, నొప్పులు. నొప్పులు, ముంచడం. ఇంట్లో కాన్పు మనిషి ఉండగా ఇంటి పెద్ద జీవం తీయరాదు. ఇది ఏ శాస్త్రంలో ఉందో నాకు తెలియదు, నేను రెండో తరగతితో బడి మానినవాణ్ణి, కానీ మా సైదమ్మ నోట్లో ఉంది, మా అమ్మ నోట్లో ఉండేది, మా కురుమల ఇళ్లలో అంతకన్నా పెద్ద శాస్త్రం లేదు.

ఎలుక అమ్మగారి వంటింట్లో పడింది. ఎండుకొబ్బరి ముక్కకు ఆశపడి పడింది. మధ్యాహ్నం ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని బోనును రెండు వేళ్లతో పట్టుకొచ్చి ఈ వెనక వరండాలో నా ముందు పెట్టింది. పట్టుచీర కట్టుకుని ఉంది, పై బంగళాలో బారసాలకు పేరంటం పిలిచారు. "గుర్వయ్యా, చేపలవాళ్లు ఇవాళ కూడా రాలేదుగా, ఇహ ఇదే దిక్కు. నేను దీపాలవేళకి వచ్చేస్తాను, ఈలోగా దీని సంగతి చూసి తొట్లో వేసెయ్యి. పెద్దాడు ఈ పూట తినకపోతే దక్కడు" అంది. సంగతి చూడడం అంటే ఏమిటో ఆవిడ చెప్పలేదు. చంపడం అనే మాట ఆ ఇంట్లో ఎవరూ అనరు. నేను "అట్లనే అమ్మా" అన్నాను. నా బిడ్డ దవాఖానలో ఉందని నోటిదాకా వచ్చింది, కానీ నోట్లోంచి వచ్చింది మాత్రం అట్లనే అమ్మా. ఇది నా జబ్బు. పటేలు మందలోంచి పొట్టేలును పట్టుకుపోతున్నప్పుడు అట్లనే దొరా అన్నాను. ఆనకట్ట వస్తే ఊరు నీళ్లలో మునుగుతుందని చెప్పి గొలుసులు పరిచి మా చెలక కొలిచినప్పుడు అట్లనే సారూ అన్నాను. మునగబోయే ఊరి గొర్రెలని సగం ధరకు అడిగిన బేరగాడితో కూడా అదే మాట. బడిలో ఇంకొన్నాళ్లు ఉంటే ఇంకో మాట నేర్చుకునేవాణ్ణేమో. ఉర్దూ బడి, చింత బరికె పట్టుకున్న మౌల్వీ పంతులు, అలీఫ్, బే. తోడేలు మందలో పడి రెండు పిల్లల్ని ఎత్తుకుపోయిన మర్నాడు మా నాయిన బడి గుమ్మంలోకి వచ్చి, పంతులు ముందే నా రెక్క పట్టుకుని, "అలీఫ్ బే అంటే తోడేలు వారిపోతదారా? నడువు గొర్ల కాడికి" అన్నాడు. పంతులు కూడా నవ్వాడు. నేను అట్లనే నాయినా అన్నాను.

ఎలుక కూర్చుంది. ఇంతసేపూ బోను చుట్టూ తిరిగి తిరిగి, కమ్మీలు కొరికి కొరికి, ఇప్పుడు ఒక మూల ముడుచుకుని కూర్చుని ముందుకాళ్లతో మూతి తుడుచుకుంటోంది. ఇలాంటివి చూడకూడదు. గొర్రెను కోసేటప్పుడు కూడా కళ్లలోకి చూడకూడదని మా నాయిన చెప్పేవాడు. గొర్రెలు కోసిన చేతులే ఇవి. ఎన్ని కోశానో లెక్క లేదు, పండుగకు, పెళ్లికి, దినాలకు. గొర్రెను కోస్తే గొర్రె పోతుంది, అంతే అనుకునేవాణ్ణి. మరి ఇప్పుడు ఈ పిసరంత ఎలుక దగ్గర చెయ్యి ఎందుకు ఆడటం లేదు.

తొట్టిలో గీకుడు మొదలైంది. సిమెంటు తొట్టి, అడుగున ఇసుక, ఒక పక్క ఉప్పు కలిపిన నీళ్ల మూకుడు. అందులో అమ్మగారి ఎండ్రకాయలు. మన వాగుల్లో, పొలం గట్ల బొరియల్లో ఉండే ఎండ్రకాయలు కావివి, బందరు సముద్రపు ఒడ్డువి. ముందు సగం ఎండ్రకాయ, కాళ్లు, డెక్కలు అన్నీ సక్రమంగానే ఉంటాయి. వెనక సగం మాత్రం బట్టలేని పసిపిల్లలా మెత్తగా ఉంటుంది. ఆ మెత్తదనాన్ని ఎవరికీ కనిపించనీయకుండా చచ్చిన నత్తల శంఖుల్లో దూరి, ఆ శంఖును మోసుకుంటూ తిరుగుతాయి. ఒళ్లు పెరిగితే పెద్ద శంఖు వెతుక్కుంటాయి. తోటమాలి పోచయ్య మొదటిరోజే అన్నాడు, "నీకంటె గీ ఎండ్రికాయే నయ్యం గదరా గుర్వయ్యా. ఇల్లు వోతె ఇంకో ఇల్లు సూసుకుంటది. నీకేమో రేకుల కొట్టమిచ్చి, గదీ గవుర్మెంటుదే అన్నరు." వాడు నవ్వాడు, నేనూ నవ్వాను, ఆ రాత్రి అన్నం దిగలేదు. ఇంకో సంగతి. మా ఊళ్లో శంఖు ఊదితే ఎవరో పోయారని అర్థం. దాసరయ్య శవం ముందు నడుస్తూ ఊదేవాడు, ఆ ఊదుడు విని కుక్కలు కూడా ఏడ్చేవి. అలాంటి శంఖులకు కాళ్లు మొలిచి ఇసుకలో నడవడం మొదటిసారి చూసినప్పుడు నా వెన్నులో చలి పుట్టింది. ఆ చలి ఇంకా పోలేదు. ఇవాళ మరీ ఎక్కువైంది.

అమ్మగారు బాపనామె. ఉల్లిగడ్డ కూడా తినదు. ఆ ఇంట్లో మాంసం మీద కత్తి పడకూడదు. కానీ ఎండ్రకాయలకు ఎముకతో, పొలుసుతో, నిండుగా ఒక జీవం పడితేనే పెంకు గట్టిపడుతుందని సముద్రపు ఒడ్డున ఎవరో ఆవిడకు చిన్నప్పుడే చెప్పారట. "కోస్తే మాంసం గుర్వయ్యా, కొయ్యకపోతే ప్రాణి. ప్రాణిని ప్రాణి తింటుంది, అందులో మనం చేసేదేముంది" అంది పనిలో చేరిన కొత్తలో. ఆ మాటకు నేను లోపల ఎంత నవ్వుకున్నానో. కోయకుండా నిండుగా ఇచ్చేది మేము దేవతకు ఒక్కదానికే. ఈమె పురుగులకు ఇప్పిస్తోంది. పిల్లల్లేని మనిషి, పాలు పోసి పెంచడానికి ఎవరూ లేక పెంకు పురుగుల్ని పెంచుతోంది అనుకునేవాణ్ణి. మా సైదమ్మ అయితే పైకే అనేది. బీరమ్మ కాన్పుకు వచ్చిన రోజే తలుపు దగ్గర నిలబెట్టి చెప్పింది, "దొరసాని గీ దిక్కు వస్తే లోపటికి వో బిడ్డా. గొడ్రాలి నీడ కడుపు మీద వడొద్దు." నేను విన్నాను. అవును మరి, మనకెందుకు, అనుకున్నాను.

చేపల ఏర్పాటు కూడా సైదమ్మదే. కింద ఏటిలో వల వేసేవాళ్లు పొద్దున్నే చచ్చిన పిల్ల చేపలు, పరకలు ఆకులో చుట్టి ఇచ్చిపోయేవాళ్లు. చచ్చినదాన్ని తీసుకుని చచ్చినదాన్నే వేస్తే నా చేతికి అంటదు. బీరమ్మకు నెలలు నిండేదాకా అట్లా సాగింది. పైన ఎక్కడో వాన పడి ఏరు ఎర్రబడింది, వలలు ఒడ్డునే ఆరుతున్నాయి, నిన్నా లేవు, ఇవాళా లేవు. ఇవాళే కావాలా ఆ ఏటికి పొంగడం. ఇవాళే కావాలా బీరమ్మకు నొప్పులు. పొద్దున దవాఖాన వరండాలో కూర్చుంటే సైదమ్మ బయటికి వచ్చి నా మీద పడింది. "నువ్వీడ మొగోనివి కూసోని ఏం జేస్తవ్, నీ డూటీకి వో. గని చెయ్యి పైలం." చెయ్యి పైలం, అంటే జాగ్రత్త, జీవం మీద పడనీయకు అని. అంతే అంది. అంతకన్నా అనాల్సిన పని లేదు. మొదటిసారి బీరమ్మకు అయిదో నెల, బీరప్ప పండుగ, నేనే కోశాను పొట్టేలును, ఆ వారంలోనే కడుపు పోయింది. రెండోసారి ఏడో నెల. తోడేలు కరిచిన గొర్రెపిల్ల, పేగులు బయటపడి, అరవడానికి కూడా గొంతు లేక నా వైపు చూస్తోంది, దాని బాధ చూడలేక నేనే దాని మెడ విరిచాను. అది పుణ్యమో పాపమో చెప్పేవాడు ఉంటే అడిగేవాణ్ణి. అల్లుడి ఊరు మోత్కూరు దిక్కున, అక్కణ్ణుంచి మనిషి వచ్చి బండి దిగకుండానే తల అడ్డంగా ఊపాడు. సైదమ్మ ఏడవలేదు. పొయ్యి ముందు కూర్చుని, "నీ చెయ్యే నా బిడ్డ కడుపుల వడ్డది" అంది. నేను వాదించాను. దినాం కోసే కటికె వాళ్ల ఇళ్లలో పిల్లలు పుట్టడం లేదా అన్నాను. అది వాదన కింద బాగానే ఉంది. ఇప్పుడు ఈ బకెట్ పక్కన కూర్చుంటే వాదన నిలబడటం లేదు.

అయితే వదిలేద్దాం. తలుపు ఎత్తితే ఎలుక తుర్రుమని పోతుంది, పడలేదమ్మా, తప్పించుకుందమ్మా అంటే సరిపోతుంది. చెయ్యి తలుపు మీదికి పోయింది కూడా. అప్పుడు తొట్టిలో మళ్లీ గీకుడు. పెద్దాడు అని అమ్మగారు పిలిచేది అందరికన్నా పెద్దదాన్ని, ఆవిడ కాపురానికి వచ్చినప్పుడు బుట్టలో తడి ఇసుక వేసుకుని తెచ్చుకున్నదాన్ని. అది నెల రోజులుగా ఇసుకలో పూడుకుని ఉండి కుబుసం విడిచి నిన్ననే బయటికి వచ్చింది. గులాబీ రంగులో, వెన్నముద్దలా. మిగతావి దాని వాసన పట్టేశాయి. నిన్నటి నుంచి వాటికీ తిండి లేదు. చుట్టూ చేరాయి, ఒకటి దాని శంఖు అంచు పట్టుకుని లాగుతోంది. నేను కొబ్బరిచిప్ప బోర్లించి దాన్ని దాచాను. ఇప్పుడు చిప్ప చుట్టూ ఇసుక తవ్వుతున్నాయి. వినపడుతోంది, గర్ గర్ గర్. కొబ్బరి పెట్టాను, అన్నం మెతుకులు వేశాను, అవి ముట్టవు, లోపలిదీ ముట్టదు. అంటే ఎలుకను వదిలితే ఇది పోతుంది. నేను చంపనట్టే, కానీ నా చేతిమీదుగానే పోతుంది. వదిలిన చెయ్యీ, ముంచిన చెయ్యీ ఒకటే అయితే ఇంక మనిషి చేతులు ఎక్కడ పెట్టుకోవాలి. నేను తలుపు మీంచి చెయ్యి తీశాను. తీసి చంకలో పెట్టుకున్నాను, చలికాలం గొర్రెల కాపరి పెట్టుకున్నట్టు.

పోచయ్యను పిలిచాను. వాడు పూలమొక్కలకు నీళ్లు పోస్తున్నాడు. "పోచన్నా, గీ బోను జర నువ్వు ముంచరాదు?" అన్నాను. వాడు బోను చూశాడు, నన్ను చూశాడు, విషయం పట్టేశాడు, ఊళ్లన్నీ కూలిపోయి అందరం ఒక గుట్ట మీద పడ్డాం, ఎవరి ఇంట్లో ఎన్నో నెలో అందరికీ తెలుసు. "నేనా? నా పెండ్లాం గూడ నీళ్లువోసుకున్నదని అనుమానం" అన్నాడు. నిజమా అన్నాను. "ఏమో, ఇంక తెల్వలే. తెల్వంగనే నీకే ముందుగాల జెప్త." ఇంకో రోజయితే కొట్టేవాణ్ణి. వాడు పండ్లికిలించి, మళ్లీ వాడికే జాలి పుట్టినట్టుంది, "ఫికర్ జెయ్యకు, దవాఖాన దాంక వొయ్యి కబురు వట్టుకొస్త, గది నాతోటైతది" అని తుండు భుజాన వేసుకుని గుట్ట దిగాడు. వాడు దిగిపోయాక కాళ్ల చప్పుడు ఆగింది. చప్పుడు ఆగితే లోపలి చప్పుళ్లు పెరుగుతాయి.

ఆనకట్ట మీద సైరన్ కూసింది. ఈ పూటకు పని దిగింది. రాళ్లు మోసే ఆడవాళ్లు వరసగా కర్రలు కట్టిన సారువ మీంచి దిగుతుంటారు, తల మీది చుట్టకుదుళ్లు చేతిలో ఊపుకుంటూ, వాళ్లలో నెలలు నిండినవాళ్లు కూడా ఉంటారు, ఆ పొట్టలతోనే రాళ్లు మోస్తారు, వాళ్లకు కాన్పులు కావడం లేదా, అవుతున్నాయి, ఒకామె మొన్న తట్ట దించి పక్కకు పోయి కనేసి వచ్చిందని చెప్పుకున్నారు. వాళ్ల మగవాళ్లు కోళ్లు కోయరా, చేపలు పట్టరా. పడతారు. మరి మాకే ఎందుకు. బీరమ్మ పుట్టినరోజు మంద అమ్రాబాద్ అడవి అంచున ఉంది, వాన, సైదమ్మ గొంగడి కప్పుకుని దొడ్డి గోడకు ఆనుకుని కన్నది, నేను పక్కనే ఈనుతున్న గొర్రె కాళ్లు పట్టుకుని ఉన్నాను, మా అమ్మ నన్ను తిట్టింది, ఇటు చూడరా అటు కాదు అని. అప్పుడు నాకు భయమే లేదు. ఎక్కడినుంచి వచ్చింది ఇంత భయం. వయసుతో వచ్చిందా, ఊరు పోయాక వచ్చిందా. మునగబోయే ఊళ్లో ఇళ్ల దూలాలు పీక్కుని పోతున్నప్పుడు గోడల్లోంచి ఎలుకలు బయటపడి ఎండలో ఎటుపోవాలో తెలియక తిరిగాయి. అప్పుడు నేను నవ్వాను.

ఎలుక వెనక కాళ్ల మీద లేచి కమ్మీ పట్టుకుని నిలబడింది. పొట్ట కనిపించింది. తెల్లగా, గుండ్రంగా. గుండ్రంగా ఎందుకు ఉంది. చిట్టెలుకకు అంత పొట్ట ఉండదే. గొర్రె అయితే పొదుగు చూసి చెబుతాను, కడుపు కింద చెయ్యి పెట్టి ఒకటో రెండో కూడా చెబుతాను, ఎలుకకు ఎక్కడ చెయ్యి పెట్టాలి. వేలు చాచాను, కమ్మీల సందు నుంచి ఆ పొట్టకు తగిలింది, వెచ్చగా ఉంది, లోపల ఏదో టకటక కొట్టుకుంటోంది. అది దాని గుండే కావచ్చు. నా వేలి నరమే కావచ్చు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఒక్కటి కాదన్నమాట, ముంచితే ఎన్నో. మైసమ్మ తల్లీ, ఇదేం పరీక్ష. నేను చదువు రానివాణ్ణి, నాకు ఇంత కఠినమైన లెక్క ఎందుకు ఇస్తావు. గుట్ట కింద దవాఖాన పైకప్పు కనిపిస్తోంది. పొగ లేదు, మనిషి లేడు, ఏమీ చెప్పని పైకప్పు. ఆలస్యం ఎందుకవుతోంది. పొద్దున్నుంచి అంటే చాలా సేపు. పోచయ్య ఎందుకు రాడు. మంచి కబురైతే పరుగెత్తుకుని వచ్చేవాడు. చెడ్డ కబురైతే మెల్లగా వస్తాడు. ఇంకా రాలేదంటే చాలా మెల్లగా వస్తున్నాడన్నమాట.

"ఏం గుర్వయ్యా, ఇంకా వెయ్యలేదూ?"

అమ్మగారు. దీపాలవేళ కాలేదు, ఇంకా ఎండ గోడ మీద ఉంది, అప్పుడే వచ్చేసింది. కొంగులో తాంబూలం కూడా లేదు. బారసాల ఇంట్లో ఏమైందో ఆవిడ చెప్పదు, నేను అడగను, కానీ మొహం చూస్తే తెలుస్తోంది, బిడ్డను ఉయ్యాలలో వేసేవేళ ముత్తయిదువలు ఒకరి తర్వాత ఒకరు అందుకుంటుంటే ఈవిడ చేతుల దగ్గరికి వచ్చేసరికి బిడ్డ పక్కకు తప్పుకుని ఉంటుంది. మా సైదమ్మకు పట్టుచీర కడితే ఆ పేరంటంలో సరిగ్గా సరిపోతుంది. నేను లేచి నిలబడ్డాను. అట్లనే అమ్మా అందామని నోరు తెరిచాను. రాలేదు. "నాతోటి గాదమ్మా" అన్నాను. జీవితంలో మొదటిసారి అన్నాను ఆ మాట, ఎలుక గురించి.

"ఏమిటయ్యా?"

"నా బిడ్డ దవాఖానల ఉన్నదమ్మా. నొప్పులు. ఇంతకుముందు రెండు వొయినయి. ఇంటి పెద్ద జీవం తియ్యొద్దంటరు మాలో. నేను నమ్మనమ్మా. నమ్మను గని, చెయ్యి వస్తలేదు."

ఆవిడ కోప్పడుతుందనుకున్నాను. పొద్దున్నుంచి ఎందుకు చెప్పలేదయ్యా అంటుందనుకున్నాను. మీ మూఢనమ్మకాలు అంటుందనుకున్నాను, వాళ్లాయన, మా సారు, అంటాడు ఆ మాట. ఆవిడ తొట్టిలోకి చూసింది. చిప్ప ఒక పక్క పైకి లేచి ఉంది, కిందికి ఒక డెక్క దూరింది. తర్వాత బోను చూసింది. "దానికి కడుపేమోనమ్మా" అన్నాను. ఆవిడ వంగి చూసింది. "కాదు. తిండి పొట్ట. ఆ పొట్ట ఎలా ఉంటుందో నాకు తెలుసు గుర్వయ్యా" అంది. అని, మామూలుగా, పప్పులో ఉప్పు గురించి చెప్పినట్టు, "మూడుసార్లు తెలుసు. ఒక్కళ్లూ ఏడవలేదు" అంది.

పట్టుచీర కుచ్చిళ్లు మోకాళ్ల మధ్య దోపుకుని సిమెంటు నేల మీద కూర్చుంది. బోను అందుకుంది. నేను "అమ్మా, మీరు ముట్టొద్దు, మీ ఇంట్ల..." అన్నాను. "నా ఇంట్లో ఎవరున్నారయ్యా, తగలడానికి" అంది. అని ముంచింది. నేను అటు తిరిగాను. ఆవిడ తిరగలేదు. నాకు తెలుసు తిరగలేదని, ఎందుకంటే ఆవిడ ఊపిరి బిగబట్టడం వినిపించింది, నీళ్లలో ఇనుప కమ్మీలకు గోళ్లు తగలడం వినిపించింది, ఆవిడ నోట్లోనే ఏదో నామం చదవడం వినిపించింది, మధ్యలో ఆ నామం ఆగిపోయి "అయిపోతుంది, అయిపోతుంది" అని ఎవరికో చెప్పడం వినిపించింది. తొందరపడి పైకి తీసింది. అది ఇంకా పోలేదు. తలుపు ఎత్తి చెయ్యి పెట్టగానే వేలు కరిచి పట్టుకుంది. ఆవిడ అరవలేదు. విదిలించలేదు. పిడికిలి మూసింది. ఎప్పుడూ పూవు తుంచడం తప్ప ఎరగని ఆ చెయ్యి కాసేపు అలాగే మూసుకుని ఉండి వణికి, తర్వాత వణకడం మానేసింది.

కొబ్బరిచిప్ప ఎత్తి పెద్దాడి ముందు పెట్టింది, నిండుగా, తోకతో సహా. గులాబీ డెక్క ఒకటి మెల్లగా వచ్చి దాని చెవి తడిమింది. తక్కినవి చేరబోతే ఆవిడ వాటిని ఒక్కొక్కటిగా శంఖు పట్టి ఎత్తి ఇంకో మూలకు చేర్చింది, నిదానంగా, ముందు వాణ్ణి తిననీండర్రా అంటూ. వేలి నుంచి నెత్తురు ఇసుకలో పడుతోంది. తర్వాత లేచి పెరట్లో కుళాయి దగ్గరికి పోయి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది. కుంకుడుకాయతో. బూడిదతో. మళ్లీ కుంకుడుకాయతో. ఖాళీ బోను పట్టుకుని నిలబడ్డాను. ఇన్నేళ్లూ ఆవిణ్ణి ఏమని అనుకున్నానో అవన్నీ ఒక్కటొక్కటే గుర్తొస్తున్నాయి. ఆవిడకు పోవడానికి ఏమీ మిగల్లేదు కనక నా బదులు ముంచింది. అంతేనా. అంతే. అంత తేలిగ్గా లెక్క చూసుకుంది, నేను మధ్యాహ్నం నుంచి తలకొట్టుకున్న లెక్క.

గుట్ట కింద నుంచి కేక. పోచయ్య. మెల్లగా కాదు, తుండు గాలిలో తిప్పుకుంటూ, చెప్పు ఒకటి ఎక్కడో పారేసుకుని పరుగెత్తుకొస్తున్నాడు. "గుర్వన్నా! ఆడివిల్ల! తల్లీ పిల్లా ఇద్దరు పానంతోటి ఉన్నరు!" నేను వరండా స్తంభం పట్టుకున్నాను. స్తంభమే నన్ను పట్టుకుంది అనాలి.

కుళాయి దగ్గర నీళ్ల చప్పుడు ఆగింది. "ఏడ్చిందా?" అంది అమ్మగారు, ఇటు తిరగకుండానే.

"ఏడ్సుడా అమ్మా? డ్యాము మీద సైరను ఇంక బందు వెట్టుకోవచ్చు, గీ పిల్లనే సాలు!" అన్నాడు పోచయ్య. ఆవిడ తల ఊపింది. ఊపుతూనే ఉంది. "నువ్వు వెళ్లు గుర్వయ్యా" అంది. మళ్లీ నీళ్ల చప్పుడు.

వెళ్లాను. పరుగే. దారి పొడుగునా గులకరాళ్లు కాళ్ల కింద జారుతున్నాయి, ఏటి మీద ఎండ ఎర్రగా ఉంది, ఆడపిల్ల, ఏడ్చింది, ఆడపిల్ల, ఏడ్చింది, సైదమ్మ నా చేతులు చూపించమంటుంది, చూపిస్తాను, శుభ్రంగా ఉన్నాయి, గోళ్ల సందుల్లో కూడా ఏమీ లేదు. ఇంత శుభ్రమైన చేతులు నాకు ఎప్పుడూ లేవు. గుట్ట సగం దిగాక కాళ్లు వాటంతటవే ఆగాయి. వెనక్కి చూస్తే కుళాయి కనిపిస్తోంది, పట్టుచీర కనిపిస్తోంది, ఇంకా వంగి కడుక్కుంటూనే ఉంది. సైదమ్మ గుమ్మంలో అడ్డం నిలబడుతుంది. నోరు పెట్టుకుని మీద పడుతుంది. దవాఖాన అంతా వింటుంది. పడనీ. నేను మళ్లీ గుట్ట ఎక్కాను, పోచయ్య నోరు తెరుచుకుని చూస్తున్నాడు, మతి పోయిందనుకుని ఉంటాడు.

"నడువుండ్రమ్మా, పిల్లను సూద్దురు" అన్నాను.

ఆవిడ రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుంది. "మీ ఆవిడ ఊరుకోదు. పురిటి గదిలోకి నేను రాకూడదు."

"సైదమ్మ సంగతి నేను సూసుకుంట."

"ఎంత కడిగినా పోవడం లేదయ్యా" అంది, చిన్నపిల్లలా. "చేతులు నెత్తురు వాసన కొడుతున్నాయి."

"పుట్టిన పిల్ల గూడ గదే వాసన గొడ్తదమ్మా" అన్నాను. "నడువుండ్రి."